బిడారులు దిగిన ఇళ్లు

పిల్లలూ!

ప్రయాణమంటే మీకు సరదా. కిటికీ పక్కన కూర్చోవచ్చు, కొత్త వూళ్లు చూడవచ్చు, బడి ఉండదు. మీ అమ్మానాన్నలను మాత్రం ఒక ఆలోచన వదలదు. "చీకటి పడేసరికి ఎక్కడ దిగాలి?" పగలంతా ఎండలో నడిచినా మనిషి ఓర్చుకుంటాడు. రాత్రి అయ్యేసరికి అతనికి నాలుగు గోడలూ, మూసుకునే తలుపూ, తాగడానికి నీళ్లూ కావాలి. రాజుకయినా అంతే, కూలివాడికయినా అంతే.

ఈ నెల మనం ఆ నాలుగు గోడలను గురించి చెప్పుకుందాం. ఊరికే కూర్చుని చెప్పుకోవడమెందుకు? మనసులోనే ఒక బస్సు ఎక్కి, దారి పొడుగునా చూస్తూ చెప్పుకుందాం. పెద్దలు కూడా ఎక్కవచ్చు. చోటు ఉన్నది.

మన బస్సు కొల్లూరులో బయలుదేరుతుంది. కొల్లూరు సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు కార్ఖానాలకు దగ్గరగా ఉన్నది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున తిరిగే అవుటర్ రింగురోడ్డు ఈ వూరి పక్కనుంచే పోతుంది. పేరు వినగానే మీలో కొందరు, "కోహినూరు వజ్రం దొరికిందని చెబుతారే, ఆ కొల్లూరేనా?" అని అడుగుతారు. కాదు. వజ్రాల కొల్లూరు కృష్ణానది ఒడ్డున, పల్నాడులో ఉండేది. రెండూ వేరు వేరు వూళ్లు. అయినా ఆ కొల్లూరు పేరు వచ్చింది గనక ఒక లెక్క చేద్దాం.

17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గోలకొండ రాజ్యానికి వచ్చాడు. గోలకొండనుంచి వజ్రాల కొల్లూరికి ఏడు రోజుల ప్రయాణమనీ, అక్కడి గనులలో అరవైవేల మంది పనిచేస్తున్నారనీ అతను రాశాడు. ఏడు రోజుల ప్రయాణంలో ఎన్ని రాత్రులు దారిలో గడపాలి? వేళ్లమీద లెక్కపెట్టండి. ఆరు. నడుముకు వజ్రాల సంచి కట్టుకుని ఆరు రాత్రులు చెట్టు కింద నిద్రపోవడం ఎవరి తరం?

ఇంకొక లెక్క. పటాన్‌చెరు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పూనాలో మొదలవుతుంది. షోలాపూరు, జహీరాబాదు, సంగారెడ్డి, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం చేరుతుంది. మొత్తం 800 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో గోలకొండ సరుకు మచిలీపట్నం రేవులో ఓడలెక్కేది. హైదరాబాదునుంచి అక్కడికి సుమారు 340 కిలోమీటర్లు, అంటే 210 మైళ్లు. ఇప్పుడు బస్సులో పొద్దున ఎక్కితే సాయంత్రానికి ముందే దిగుతాము. బరువు లాగే ఎద్దు రోజుకు పన్నెండు మైళ్లు నడుస్తుందనుకోండి. 210ని 12తో భాగిస్తే పదిహేడున్నర. అంటే పద్ధెనిమిది రోజుల ప్రయాణం, దారిలో పదిహేడు రాత్రులు!

అంచేత పూర్వం దారి వేసిన రాజు దారి వేసి ఊరుకుంటే సరిపోయేది కాదు. ఎద్దు అలిసిపోయేచోట ఒక బస కూడా కట్టవలసి వచ్చేది. ఎడ్ల మీదా, ఒంటెల మీదా సరుకు వేసుకుని గుంపుగా పోయే వర్తకులను తెలుగులో బిడారు అంటాము. పారశీక భాషలో కారవాను అంటారు. సరాయి అంటే ఆ భాషలో ఇల్లు, మహలు. కారవాను దిగే ఇల్లు గనక కారవాను సరాయి అయింది. మనవాళ్లు పొట్టిగా సరాయి అన్నారు.

ఇక బస్సు కదిలింది. లింగంపల్లి దాటాం, గచ్చిబౌలి దాటాం. ఇది పాత బొంబాయి రోడ్డు. ఆకాశాన్నంటే అద్దాల మేడలు రెండు పక్కలా ఉన్నాయి. కొల్లూరునుంచి ఇరవై కిలోమీటర్లు వచ్చేసరికి షేక్‌పేట. ఇక్కడ దిగండి.

ఆ రాతి కట్టడం చూశారా? అదే షేక్‌పేట సరాయి. కుతుబ్‌షాహీల నాటిది. ముప్పయి గదులు, గుర్రాలకూ ఒంటెలకూ సాలలు, ఒక మసీదు, ఒక సమాధి ఇందులో ఉన్నాయి. గోలకొండ కోట ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్నది. పొద్దు గూకిన తరువాత కోట తలుపులు తెరవరు గదా! ఆలస్యంగా వచ్చిన బిడారు ఇక్కడ దిగి, రాత్రి విశ్రమించి, పొద్దున్నే కోటలోకి పోవచ్చును.

సరాయి కట్టడంలో ఒక తెలివి ఉన్నది. కాగితం తీసుకుని నాతోపాటు బొమ్మ గీయండి. ముందు ఒక చతురస్రం గీయండి. అది గోడ. ఒక పక్క ఒకే ఒక వాకిలి పెట్టండి. ఒక్కటే ఎందుకు? రాత్రి ఒక్క తలుపు మూస్తే ఇల్లంతా మూసినట్టే. కాపలావాడు ఒక్కడు చాలును. ఆ వాకిలి ఎత్తుగా ఉండాలి. ఎందుచేతనంటే ఒంటె మీద మూట దించకుండానే లోపలికి రావాలి. గోడకు లోపలివైపున వరసగా చిన్న చిన్న గదులు గీయండి. వాటి తలుపులన్నీ నడి ముంగిట్లోకే తెరుచుకుంటాయి. బయటివైపు కిటికీలు ఉండవు, ఉన్నా చిన్నవి. ముంగిట్లో గాని, దగ్గరలో గాని ఒక బావి ఉండాలి. అయిపోయింది, సరాయి తయారు! మందమైన రాతిగోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. అంచేత మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది.

గదిలో మంచం, దుప్పటి, అద్దం ఉంటాయనుకున్నారా? ఏమీ ఉండవు. గోడలూ నీళ్లూ రాజువి. చాపా చెంబూ ఎవరివి వారివే. పొయ్యి రాజేసుకుని ఎవరి వంట వారు వండుకునేవారు. ఒక గదిలో ఇస్ఫహాను వర్తకుడు, పక్క గదిలో మచిలీపట్నం కలంకారీ బట్టలు మోసుకొచ్చిన తెలుగు వర్తకుడు ఉండేవారు. మాట తెలియకపోయినా నిప్పు అడిగి పుచ్చుకునేవారు.

మళ్లీ బస్సు ఎక్కండి. గోలకొండ దాటి మూసీ వైపు పోతే కార్వాన్ అనే పేట వస్తుంది. ఆ పేరు ఎలా వచ్చిందో మీకిప్పుడు నేను చెప్పనక్కరలేదు. 1671లో కట్టిన తోలీ మసీదు ఇక్కడే ఉన్నది. ఇంకాస్త ముందుకు పోతే 1578లో మూసీమీద కట్టిన పాత వంతెన కనబడుతుంది. దాన్నే పురానాపూల్ అంటారు. దాని కమానుల మీదుగా ఎన్ని బండ్లు పోయినాయో లెక్క కట్టేవాళ్లు లేరు.

నగరం దాటి తూర్పుగా విజయవాడ రోడ్డు పట్టుకుంటే హయత్‌నగర్ వస్తుంది. చార్మినారునుంచి పది, పదకొండు మైళ్లు ఉంటుంది. అంటే ఎద్దుకు సరిగ్గా ఒకరోజు నడక. చూశారా లెక్క ఎలా కలిసిందో! హయత్ బక్షీ బేగం పేరు మీదనే ఈ వూరు వెలిసింది. ఆమె సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి. గోలకొండ చరిత్రలో ఇలాంటి మనిషి ఇంకొకరు లేరు. ఇక్కడ విశాలమైన ముంగిలి మధ్య ఎత్తయిన మసీదు ఉన్నది. చుట్టూ నూటికి పైగా కమాను గదులు బాటసారులకోసం కట్టారు. దగ్గరలో ఏనుగుల బావి అనే పెద్ద దిగుడు బావి ఉన్నది. మచిలీపట్నం పోయే బిడారుకు ఇది మొదటి రాత్రి బస.

ఇవన్నీ సుల్తానుల మాటలు. మరి మామూలు సంసారి ప్రయాణం ఎలా ఉండేది? అది తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారిని అడగాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషీ. 1830 మే 18వ తేదీన మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరారు. దాదాపు నూరుమంది పరివారం ఆయన వెంట నడిచారు. దారిలో చూసినదంతా తెలుగులో రాశారు. అదే 1838లో "కాశీయాత్ర చరిత్ర" అనే పుస్తకంగా అచ్చయింది. అందులో ఆయన ప్రతి మజిలీలోనూ గమనించినవి ఏమిటనుకున్నారు? దిగడానికి చోటు ఉన్నదా, నీళ్లు మంచివేనా, అంగళ్లలో సరుకు దొరుకుతుందా? నూరుమందిని వెంటబెట్టుకుని పోయే పెద్దమనిషికి కోటలకంటె చావళ్లూ, బావులూ ముఖ్యం గదా!

చావడి అన్నాను. మన వూళ్లలో బాటసారులు దిగే మంటపాన్ని చావడి అనేవారు. ఇంగ్లీషువారు ఆ మాటను తమ నోటికి తగ్గట్టు తిప్పి చౌల్ట్రీ అన్నారు. మనమేమో అది ఇంగ్లీషు మాట అనుకుని మళ్లీ వారి దగ్గరనుంచి తెచ్చుకున్నాము!

తరువాత రైలు వచ్చింది. 1874లో వాడీ నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు నడిచింది. పది రోజుల దారి ఒక్క రోజయింది. దారిలో రాత్రులు మాయమైనాయి. రాత్రులు పోతే దారిలో సరాయిలతో పనేమిటి? అవి రైలు స్టేషను దగ్గరికి మారాయి. నాంపల్లి స్టేషను దగ్గర 1919లో కట్టిన సరాయి అలాంటిదే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి శాంతి కుదిరిన జ్ఞాపకంగా దానికి సుల్హ్ సరాయి అని పేరు పెట్టారు. సుల్హ్ అంటే సంధి, శాంతి. కాని పాత బిడారు దారిలోని సరాయిలు బావురుమన్నాయి.

ఇక్కడ ఒక సైన్సు సంగతి. మనుషులున్న ఇల్లు నూరేళ్లు నిలుస్తుంది, పాడుపెట్టిన ఇల్లు ఇరవై ఏళ్లకే కూలుతుంది అని పెద్దలు అంటారు. ఎందుచేత? వాడితే అరగాలి గాని, వాడకపోతే కూలడమేమిటి?

ఒక కాకి రావిపండు తిని గోడమీద వాలింది. రెట్టలోనుంచి విత్తనం గోడ సందులో పడింది. వాన పడగానే రెండు ఆకులు తొడిగింది. ఇంట్లో మనిషి ఉంటే ఏం చేస్తాడు? రెండు వేళ్లతో పీకి పారేస్తాడు. ఒక్క నిమిషం పని. ఇంట్లో మనిషి లేకపోతే? మొక్క మానవుతుంది. వేరు వెంట్రుకలాగా రాళ్ల మధ్యకు దూరి, లావెక్కి, రాయినీ రాయినీ విడదీస్తుంది. ఆ సందులోనుంచి వాననీరు దిగి సున్నాన్ని కడిగేస్తుంది. రెండు వేళ్ల పని చేసేవాడు లేక రాజుగారి కోట కూలుతుంది.

పాత గోడలను బాగుచేయడం కూడా ఒక విద్యే. సిమెంటు పూసేస్తే సరి అనుకుంటారు. సరికాదు. పాత గోడ సున్నంతో కట్టినది. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిపి, ఇసుక కలిపి నూరితే గారె అవుతుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కూడా కలిపేవారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, ఏళ్లు గడిచిన కొద్దీ మళ్లీ రాయిగా మారుతుంది. సున్నపు గోడలో చేరిన తేమ మెల్లగా ఆవిరై బయటికి పోగలదు. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, తేమ లోపలే ఉండి గోడను తినేస్తుంది. గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులను బాగుచేసే పెద్ద పని 2013లో మొదలయింది. అక్కడ చేసిన మొదటి పనులలో ఒకటి ఏమిటో తెలుసా? వెనకటివారు పూసిన సిమెంటును ఒలిచి, మళ్లీ సున్నం పూయడం! షేక్‌పేట సరాయిని బాగుచేసే పని కూడా ఈమధ్య సంవత్సరాలలో చేపట్టారు.

బాగుచేస్తారు, బాగానే ఉంటుంది. ఆ తరువాత? తాళం వేసి బోర్డు పెడితే మళ్లీ కాకి వస్తుంది, మళ్లీ రావి మొక్క వస్తుంది. పాత సత్రాన్ని బతికించాలంటే అందులో మళ్లీ మనుషులు మెసలాలి. మరి ఎవరు? ఎలా? మనకంటె ముందు ఈ ప్రశ్న వేసుకున్న దేశం ఒకటి ఉన్నది. రండి, మన బస్సును ఒక్కసారి సముద్రాలు దాటించి స్పెయిన్ దేశానికి తీసుకుపోదాం.

ఉత్తర స్పెయిన్‌లో మన కాశీదారివంటి దారి ఒకటి ఉన్నది. ఫ్రాన్సు సరిహద్దు కొండల దగ్గరనుంచి పడమరగా సాంతియాగో దె కొంపొస్తేలా అనే వూరిదాకా 780 కిలోమీటర్ల చిల్లర ఉంటుంది. అక్కడి గొప్ప చర్చిలో ఏసుక్రీస్తు శిష్యుడైన సెయింట్ జేమ్సు సమాధి ఉన్నదని క్రైస్తవుల నమ్మకం. వెయ్యేళ్లకు పైగా యాత్రికులు ఆ దారిన నడుస్తున్నారు. నడిస్తే నెల రోజులు పైనే పడుతుంది. కనుక అక్కడా దారి పొడుగునా సత్రాలు వెలిశాయి.

దారిలో మొదట చూడవలసిన వూరు సాంతో దొమింగో దె లా కాల్సాదా. పొడుగు పేరే గాని అర్థం చిన్నది. "దారి వేసిన దొమింగో స్వామి" అని. ఈ దొమింగో 11వ శతాబ్దంలో పుట్టిన సన్యాసి. యాత్రికులు అడవిలో, బురదలో పడే అవస్థ చూడలేక దారి వేశాడు, ఏటిమీద వంతెన కట్టాడు, ఒక సత్రం కట్టాడు. చూడండి, మూడూ ఒకటే పని. వంతెన లేని దారి దారి కాదు, సత్రం లేని దారీ దారి కాదు.

ఆ వూరి చర్చిలో ఈనాటికీ ఒక కోడిపుంజునూ, పెట్టనూ పెంచుతారు. చర్చిలో కోళ్లేమిటి? దానికొక కథ చెబుతారు. ఒక కుర్రవాడు తల్లిదండ్రులతో యాత్రకు వచ్చి ఇక్కడి పూటకూళ్ల ఇంట్లో దిగాడు. ఆ ఇంటివారి పిల్ల కోపంతో వాడి సంచిలో వెండి గిన్నె దాచి, దొంగతనం అంటగట్టింది. వాడిని ఉరి తీశారు. తల్లిదండ్రులు యాత్ర ముగించి తిరిగి వచ్చి చూస్తే, దైవకృపవల్ల వాడు ఉరికొయ్యమీద ప్రాణాలతోనే ఉన్నాడు! వారు పరుగున పోయి న్యాయాధికారితో చెప్పారు. ఆయన భోజనానికి కూర్చున్నాడు. "మీ వాడు బతికి ఉంటే ఈ పళ్లెంలో వేయించిన కోడి కూడా బతికినట్టే!" అని నవ్వాడు. అంతే, పళ్లెంలో కోడి లేచి కూసింది. ఇది కథే. కాని కథలో ఒక నిజం ఉన్నది. పరాయి వూళ్లో బాటసారికి సాక్షులెవరూ ఉండరు. అతనికి అన్నం పెట్టే ఇల్లే అన్యాయం చేస్తే దిక్కు లేదు.

బస్సు పడమరగా సాగి లియోన్ నగరం చేరింది. ఇక్కడ సాన్ మార్కోస్ అనే బ్రహ్మాండమైన కట్టడం ఉన్నది. 12వ శతాబ్దంలో యాత్రికుల సత్రంగా మొదలయింది. 16వ శతాబ్దంలో చెక్కుడు రాళ్లతో తిరిగి కట్టారు. తరువాత దాని జాతకం మారింది. కెవేదో అనే గొప్ప కవిని 1639 నుంచి 1643 వరకు ఇందులోనే ఖైదు చేశారు. 1936లో మొదలైన అంతర్యుద్ధంలో వేలమంది ఖైదీలను ఇక్కడ కుక్కి హింస పెట్టారు. తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంటే అది బస. అదే తలుపుకు బయట తాళం పడితే అది జైలు. గోడలు అవే!

చివరికి సాంతియాగో వచ్చింది. కొలంబసుకు ఓడలిచ్చి పంపిన రాణీ ఇసబెల్లా, రాజు ఫెర్డినాండు మీకు తెలుసు. వారిద్దరూ 1499లో యాత్రికులకోసం ఇక్కడ ఒక పెద్ద ధర్మసత్రం, ఆసుపత్రి పెట్టమని ఆజ్ఞ ఇచ్చారు. నడిచి నడిచి కాళ్లు పగిలి, జ్వరం తగిలి వచ్చినవారికి పడకా, మందూ, అన్నమూ ఇక్కడ దొరికేవి. లాటిను భాషలో హోస్పెస్ అనే మాట ఉన్నది. అతిథి అన్నా అదే, అతిథికి చోటిచ్చేవాడన్నా అదే. ఆ మాటనుంచే హాస్పిటలూ పుట్టింది, హోటలూ పుట్టింది. అవి రెండూ ఒక తల్లి పిల్లలు. ఒకరు రోగి దగ్గర ఉండిపోయారు, ఒకరు వ్యాపారంలో దిగారు.

ఇప్పుడు ఆ మూడు కట్టడాలూ ఏమైనాయి? మూడూ హోటళ్లయినాయి. స్పెయిన్ ప్రభుత్వమే వాటిని నడుపుతున్నది. అలాంటి హోటళ్లను పరదోర్ అంటారు. మొదటిది 1928లో గ్రేదోస్ కొండలలో తెరిచారు. ఆ తరువాత పాడుపడిన కోటలనూ, మఠాలనూ, సత్రాలనూ ఒక్కొక్కటే బాగుచేసి గదులు అమర్చారు. ఇప్పుడు తొంభైకి పైగా ఉన్నాయి. సాంతియాగోలోని ధర్మసత్రం 1954లో హోటలయింది. దేశదేశాలవాళ్లు బస్సులలో వచ్చి ఒక రాత్రి కోటలో, ఒక రాత్రి సత్రంలో దిగుతారు. వారిచ్చే అద్దెతో కప్పు కారకుండా చూస్తారు, రావి మొక్కవంటి మొక్కలు పీకుతారు, వూళ్లో నలుగురికి పని దొరుకుతుంది. ఇది మెచ్చుకోదగిన ఉపాయం.

మన దగ్గరా ఇలాంటిది ఒకటి ఉన్నది. హైదరాబాదులోని ఫలక్‌నుమా మహలును 1884లో కట్టడం మొదలుపెట్టారు. తరువాత అది ఆరవ నిజాం చేతికి వచ్చి రాజఅతిథుల బస అయింది. భోజనాల బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చును! చాలా ఏళ్లు మూతబడి ఉండి, పదేళ్ల పాటు బాగుచేసిన మీదట 2010లో హోటలుగా తెరుచుకున్నది. గోడలు బతికాయి. అందుకు సంతోషించవలసిందే.

కాని పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఫలక్‌నుమా మొదటినుంచీ గొప్పవారికోసం కట్టిన ఇల్లు. గొప్పవారి హోటలయితే తప్పు లేదు. సాంతియాగో సత్రం అలాంటిది కాదు. అది చిరిగిన చెప్పులతో వచ్చినవాడికోసం కట్టినది. ఇప్పుడు చిరిగిన చెప్పులవాడు ఆ అద్దె ఇచ్చుకోలేడు. ఇల్లు మిగిలింది గాని, ఎవరికోసం కట్టారో వాడు గుమ్మం బయట ఉండిపోయాడు. ఈ సంగతి ఆ హోటలువారికి కూడా తట్టినట్టుంది. రోజూ మొదట వచ్చిన పదిమంది కాలినడక యాత్రికులకు ఉచితంగా భోజనం పెట్టే ఆచారాన్ని వారు నిలుపుకున్నారు. పదిమందేనా అనవచ్చు మీరు. ఆ పది విస్తళ్లూ లేకపోతే ఆ ఇంటికి తన పుట్టుకే గుర్తుండదు. నన్నడిగితే అక్కడి చెక్కడపు రాళ్లన్నిటికంటె ఆ పది విస్తళ్లే పురాతనమైన వస్తువు.

ఇప్పుడు బస్సును మళ్లీ మన వూరివైపు తిప్పుదాం. పటాన్‌చెరులో రోజూ పొద్దున బస్సు దిగేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? భుజాన ఒక సంచి, చేతిలో ఒక చిన్న కాగితం. బీహారునుంచి, ఒడిస్సానుంచి, మన పాలమూరునుంచి కార్ఖానా పనికి వచ్చినవారు. కాగితం మీద ఎవరిదో ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరు పలికితే సరే. పలకకపోతే ఆ రాత్రి ఎక్కడ? తెలిసినవారి గదిలో ఇప్పటికే ఆరుగురు ఉంటారు. పెద్ద హోటళ్లకు పోలేరు. నాలుగువందల ఏళ్లనాడు ఇదే దారిన వచ్చి ఉంటే ఒక గదీ, బావినీళ్లూ అతనికి దొరికేవి. దారి వెడల్పయింది, బస్సులు పెరిగాయి. బాటసారికి మొదటి రాత్రి మాత్రం అప్పటికంటె సులువు కాలేదు.

అలాగని మనవాళ్లు ధర్మం మరిచిపోయారని అనను. తిరుమల కొండమీద డబ్బు లేనివాడికి కూడా తల దాచుకునే చోటూ, కడుపునిండా అన్నమూ దొరుకుతాయి. నగరంలోని పెద్ద ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులు రాత్రి పడుకోవడానికి ఆశ్రయాలు కట్టారు. గుడికి వచ్చినవాడికీ, రోగంతో వచ్చినవాడికీ ఏదో ఒక చోటు ఉన్నది. పని వెతుక్కుంటూ వచ్చినవాడి సంగతి ఇంకా ఎవరైనా ఆలోచించాలి. ఆ ఎవరో మీరే ఎందుకు కాకూడదు? మీలో కొందరు పెరిగి ఇంజనీర్లవుతారు, కలెక్టర్లవుతారు, కార్ఖానాలు పెడతారు. కార్ఖానా నక్షా గీసేటప్పుడు యంత్రాలకు చోటు, లారీలకు చోటు, సరుకుకు చోటు గీస్తారు. ఆ కాగితం మీద ఒక మూల ఒక చతురస్రం, దానికి ఒకే వాకిలి, లోపల వరసగా గదులు, ఒక కుళాయి గీయగలరేమో చూడండి. ఎలా గీయాలో ఇందాకే నేర్చుకున్నారు.

పాత సత్రాలను బాగుచేసేవారికి కూడా నా మనవి ఒకటే. అద్దె గదులు పెట్టండి, తప్పు లేదు. అద్దె లేకపోతే సున్నం రాదు. కాని ముప్పయి గదులలో ఒక్క గది, తాళం లేని గది, ఆ రాత్రికి దిక్కులేని బాటసారికోసం ఉంచండి. అతిథి అంటే తిథీ వారమూ చెప్పకుండా వచ్చేవాడని మనవారు అర్థం చెప్పారు. ముందుగా గది కుదుర్చుకుని వచ్చేవాడు ఖాతాదారు. చెప్పకుండా వచ్చినవాడే అసలు అతిథి.

ఈ నెల మీకొక పని. మీ వూళ్లోనో, మీ తాతగారి వూళ్లోనో పాత సత్రమో, చావడో, సరాయో ఉన్నదేమో కనుక్కోండి. పేరులో మాత్రమే మిగిలి ఉన్నా సరే. సరాయిపేట, సత్రం వీధి, చావడి వీధి అనే పేర్లు ఎన్నో వూళ్లలో ఉంటాయి. అక్కడికి పెద్దవాళ్లతో కలిసి వెళ్లండి. అయిదు సంగతులు రాసుకోండి. ఎవరు కట్టించారు? ఎవరికోసం? నీళ్లు ఎక్కడివి? వాకిలి ఏ దిక్కున? ఇప్పుడు అందులో ఎవరున్నారు? అవ్వనూ తాతనూ అడిగితే సగం జవాబులు దొరుకుతాయి. రాసినది మీ మాస్టారికి చూపించండి.

గోడ సందులో రావి మొక్క కనబడితే అక్కడి పెద్దవారితో చెప్పి, చిన్నదయితే పీకించండి. పెద్దదయితే మాత్రం లాగవద్దు. రాళ్లు దానితోపాటు ఊడి వస్తాయి. దానికి తెలిసినవాళ్లు రావాలి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.